రక్తం తక్కువుందంటే గోలీలు ఇచ్చి వచ్చేస్తే సరిపోదు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





మాకు ఇచ్చిన అంశం ‘మహిళల ఆరోగ్యం’. అంశం చాలా పెద్దది, ఇచ్చిన సమయం అరగంట. అందుకని రక్తహీనత ఒక్కదాని గురించే మాట్లాడతాం. మేం డాక్టర్లం కాము, బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్లం. డాక్టరు చెప్పిన మాట ఇంటి దాకా చేరిందా లేదా, ఇచ్చిన మందు నోట్లోకి పోయిందా లేదా అని ఇల్లిల్లూ తిరిగి చూశాం. అక్కడ కనిపించిందే ఇక్కడ చెబుతున్నాం.

ముందుగా ఒక రాత్రి సంగతి. పోయిన చలికాలంలో రాత్రి పదకొండు దాటాక మన వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం వచ్చింది. కాన్పుకు వచ్చిన ఒకామెకు రక్తం బాగా పోతోంది, వెంటనే రక్తదాతలు కావాలి అని. మన పిల్లలు మండీబజార్ నుంచి, శివనగర్ నుంచి, కరీమాబాద్ నుంచి బండ్లు వేసుకొని పరుగెత్తారు. తెల్లారేసరికి ఆమెకు రక్తం ఎక్కింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు, అల్హందులిల్లాహ్. ఆ పిల్లలకు ఎంత షాబాషీ చెప్పినా తక్కువే.

రెండు రోజులు పోయాక మేం ఆమెను చూడబోయాం. మమ్మల్ని చూడగానే గుర్తుపట్టింది. "ఆపా, మొన్న ఎండకాలం అయినంక క్యాంపు పెట్టిన్రు గదా, నా పేరు రాసుకున్నది మీరే" అన్నది. మాకు గుర్తు లేదు. ఇంటికి వచ్చి రిజిస్టర్ తీసి చూస్తే ఆమె పేరు ఉంది. నాలుగో నెల అని రాసి ఉంది. హిమోగ్లోబిన్ 7.9. ఆ వరుస చివర "30 గోలీలు ఇవ్వబడినవి" అని మా చేతిరాతే. ఆ తర్వాత గడి లేదు. మేమే గీసిన రిజిస్టర్‌లో తర్వాత ఏమైందో రాయడానికి మేమే జాగా పెట్టలేదు. కాన్పుకు చేరిన రోజు ఆమె హిమోగ్లోబిన్ 5.6 అని దవాఖాన చీటీలో ఉంది.

ఆ రాత్రి రక్తం ఇచ్చి ఆమెను బతికించింది మన సొసైటీయే. అయిదు నెలల ముందు ఆమె రక్తం చూసి, తక్కువుందని తెలిసి, ముప్పై గోలీలు చేతిలో పెట్టి పంపించి మరిచిపోయింది కూడా మన సొసైటీయే. మొదటి సంగతికి ఫొటో ఉంది, రెండోదానికి లేదు.

7.9 అంటే ఎంత? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ గర్భిణికి 11 గ్రాములు, మామూలు స్త్రీకి 12, మగవాళ్లకు 13 ఉండాలి. గర్భిణికి 7 కంటే దిగితే అది తీవ్రమైన రక్తహీనత, దవాఖానలో చేర్చి చూడవలసిన స్థితి. 7.9 ఆ అంచుకు ఒక్క మెట్టు పైన ఉంది. అలాంటి మనిషికి కాన్పులో మామూలుగా పోయే రక్తం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. గోలీలు మొదలుపెట్టిన నెల రోజులకు మళ్లీ పరీక్ష చేసి, కనీసం ఒక గ్రాము పెరగకపోతే పై దవాఖానకు పంపాలని ప్రభుత్వ నియమం కూడా ఉంది. మనం ఆ నెల రోజుల పరీక్షే చేయలేదు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అయిదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం. వేలి చుక్కతో చూసిన లెక్క కాబట్టి కొంచెం ఎక్కువ చూపిస్తుందని వాదించే నిపుణులు ఉన్నారు. సరే, కొంత తగ్గించుకొని చూసినా ఈ హాలులో వెనక వరుసల్లో ఉన్న వాళ్లలో ఎంతమందో లెక్క వేసుకోండి. పేదల జబ్బు అని కూడా అనుకోవద్దు. దేశంలో కలిగిన ఇళ్ల ఆడవాళ్లలో కూడా దాదాపు సగం మందికి ఉన్నదని అదే సర్వే చెబుతోంది.

బడిలో మాకు ఇది ముందు కనబడేది బలపాల దగ్గర. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, బలపం రాసే పిల్లలు కొందరు, తినే పిల్లలు కొందరు. సంచిలో పొద్దున పెట్టిన బలపం మధ్యాహ్నానికి ఉండేది కాదు. మేం కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు అలాంటి పిల్లలను కొట్టకపోయినా గట్టిగానే తిట్టేవాళ్లం, నలుగురిలో నిలబెట్టేవాళ్లం. బలపం, సుద్దముక్క, పచ్చి బియ్యం, గోడ సున్నం, మట్టిబెడ్డ, ఫ్రిజ్‌లోని ఐసుముక్క మీదికి మనసు పోవడం ఒంట్లో ఇనుము తగ్గినవాళ్లలో తరచుగా కనిపించే లక్షణమని చాలా ఏళ్ల తర్వాత ఒక డాక్టరమ్మ చెబితే తెలిసింది. అది అల్లరి కాదు, ఒంటి పిలుపు. ఆ రోజుల్లో మా చేత మాటలు పడ్డ ఆ పిల్లలందరూ ఇప్పుడు తల్లులు. ఇంట్లో బియ్యం చెరుగుతూ గుప్పెళ్లు గుప్పెళ్లు నమిలే కోడలిని చూస్తే నవ్వకండి, రక్తం పరీక్ష చేయించండి.

మిగతా లక్షణాలు అంత వింతగా ఉండవు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మెట్లెక్కితే ఆయాసం, కూర్చొని లేస్తే కండ్లు తిరగడం, గుండె దడ, జుట్టు రాలడం, ఎప్పుడూ చలి, చదివింది తలకెక్కకపోవడం. పిల్ల మందకొడిగా ఉందంటారు, కోడలికి బద్ధకం అంటారు. నిజానికి హిమోగ్లోబిన్ తగ్గడం చివరి మెట్టు. అంతకుముందే ఒంట్లో దాచిపెట్టిన ఇనుము అయిపోతుంది. ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటిన తర్వాత కూడా ఒకటి రెండు రోజులు వంట నడుస్తుంది కదా, అట్లాగే. ఆ దాపుడు నిల్వను చూపించే పరీక్షను ఫెరిటిన్ అంటారు.

ఆడవాళ్లకే ఎందుకింత? మనిషి ఒంట్లో ఉండే ఇనుమంతా కలిపితే మూడు నాలుగు గ్రాములు. రోజూ తిన్న దాంట్లోంచి ఒంటికి పట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. ఒక మిల్లీలీటరు రక్తం పోతే అర మిల్లీగ్రాము ఇనుము దాంతో పోతుంది. నెలసరి ఎక్కువగా అయ్యే స్త్రీ ప్రతి నెలా ఎంత పోగొట్టుకుంటుందో చూడండి. ఒక కాన్పు మొత్తానికి దాదాపు వెయ్యి మిల్లీగ్రాముల ఇనుము అదనంగా కావాలి. వచ్చేది చెంచాతో, పోయేది చెంబుతో. కాన్పుకూ కాన్పుకూ ఎడం లేకపోతే ఆ చెంబు నిండేదెప్పుడు?

ఇక గోలీల సంగతి. ఆ రాత్రి తర్వాత మాకు నిద్ర పట్టలేదు. రిజిస్టర్‌లో 10 కంటే తక్కువ వచ్చినవాళ్ల పేర్లకు ఎర్ర పెన్నుతో గీత పెట్టుకొని, ఇద్దరు టీచర్లం, మన సొసైటీ వాలంటీరు అమ్మాయి ఒకరు కలిసి ఆదివారాలు ఇళ్లకు తిరిగాం. గోలీలు చాలా ఇళ్లలో దొరికాయి. అద్దం వెనక, ఫ్రిజ్ మీద, సూదీదారం పెట్టుకునే బిస్కెట్ డబ్బాలో, ఒకరింట్లో ఖుర్ఆన్ షరీఫ్ పెట్టే అల్మారా పైన భద్రంగా. నాలుగు వేసుకొని మానేసినవాళ్లు, అసలు ముట్టనివాళ్లు. ఒకామె మనం ఇచ్చిన గోలీలను అత్తకు, ఆడబిడ్డకు, తనకు సమానంగా పంచింది! అది ఆమె మంచితనం. ఎవరికి ఎన్ని, ఎందుకు అని మేం చెప్పకపోవడం మా తప్పు.

ఎందుకు మానేశారని అడిగితే ఎవరూ మొండిగా మాట్లాడలేదు. కడుపులో తిప్పుతోందన్నారు. మలబద్ధకం అన్నారు. మలం నల్లగా వస్తే లోపల ఏదో పాడైందని భయపడ్డారు. గోలీ వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని పొరుగింటామె చెప్పిందట. ఇంకొకరికి బిడ్డ లావైపోయి ఆపరేషన్ చేయాల్సి వస్తుందని భయం. ఈ సందేహాలన్నీ ఒక పావుగంట కూర్చొని మాట్లాడితే తీరేవే. మలం నల్లబడేది ఒంటికి పట్టని ఇనుము బయటకు పోవడం వల్ల, అందులో భయమేమీ లేదు. బిడ్డ రంగుకు, గోలీకి సంబంధం లేదు. వికారంగా ఉంటే రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు, అన్నం తిన్న తర్వాత వేసుకోవచ్చు. అప్పుడు కొంచెం తక్కువ పడుతుంది, అయినా మానేయడం కంటే నయం. గర్భిణి కాని వాళ్లు తట్టుకోలేకపోతే రోజు విడిచి రోజు వేసుకోమని ఇప్పుడు కొందరు డాక్టర్లు చెబుతున్నారు. దానికి ఆధారం ఉంది. ఇనుము తగ్గిన ఆడవాళ్లలో రోజూ వేసుకున్న దానికంటే రోజు విడిచి వేసుకున్న గోలీలోని ఇనుమే మెరుగ్గా పడుతుందని 2017లో జూరిక్‌లోని పరిశోధకులు చూపించారు. గర్భిణులు మాత్రం డాక్టరు చెప్పినట్టు రోజూ వేసుకోవాలి.

చాయ్ గురించి చెప్పకుండా వరంగల్‌లో ఈ మాట ముగియదు. మన ఇళ్లలో గోలీ వేసుకునేదే చాయ్‌తో. పొద్దున చాయ్, రొట్టె, గోలీ. చాయ్‌లోని టానిన్ ఇనుమును పట్టేసి ఒంటికి చేరనివ్వదు, సగానికి పైగా తగ్గించేస్తుంది. పాలు, కాల్షియం గోలీ, గ్యాస్ గోలీ కూడా అడ్డుపడతాయి. చాయ్ మానమని మేం అనం, అంటే ఈ సభలో మమ్మల్ని ఎవరూ కూర్చోనివ్వరు. గోలీకీ చాయ్‌కీ మధ్య గంటా రెండు గంటలు ఎడం పెట్టండి. నిమ్మకాయ నీళ్లతోనో, జామకాయ తిన్నాకో వేసుకుంటే బాగా పడుతుంది.

తిండి దగ్గర కూడా కొన్ని భ్రమలున్నాయి. బీట్‌రూట్, దానిమ్మ ఎర్రగా ఉంటాయి కాబట్టి రక్తం పెంచుతాయని అనుకుంటాం. వాటిలో ఇనుము చాలా తక్కువ. ఖర్జూరం మంచి తిండి, సున్నత్ కూడా. కానీ హిమోగ్లోబిన్ 8 ఉన్న మనిషికి ఖర్జూరం మందు కాదు. పుంటికూర, తోటకూర, పప్పులు, పల్లీలు, రాగులు తినవలసినవే. వాటిలోని ఇనుము కొంచెమే ఒంటికి పడుతుంది, పక్కన నిమ్మరసం పిండితే ఇంకొంచెం. మాంసంలోని ఇనుము అంతకంటే సులువుగా పడుతుంది. మన పెద్దవాళ్లు రక్తం లేనివాళ్లకు మేక తిల్లి కాల్చి పెట్టడం ఊరికే పుట్టిన ఆచారం కాదు, తిల్లిలో, కలేజీలో ఇనుము పుష్కలంగా ఉంటుంది. అయితే బక్రీద్ నాడు ఖుర్బానీ కలేజీ ముందు ఎవరి పళ్లెంలోకి పోతుందో మీరే చెప్పండి. వండిన ఆమె గిన్నె తుడుచుకొని తినే ఇళ్లు మనకు తెలియనివి కావు. తిల్లి కూర తెచ్చి పెట్టే మగవాళ్లు అది ఆమె నోట్లోకి పోయిందో లేదో చూసి లేవండి. ఒక్క మాట, గర్భంతో ఉన్నవాళ్లు కలేజీ అతిగా తినకూడదు, అందులోని విటమిన్ ఏ ఎక్కువైతే బిడ్డకు మంచిది కాదు. ఏదైనా సరే, రక్తం బాగా తగ్గిన తర్వాత తిండి ఒక్కదానితో పూడ్చుకోవడం కుదరదు, మందు కావాలి.

ఆ మందు కూడా ఎంతకాలం? చాలామంది నెల రోజులకు ఒళ్లు తేలికపడగానే మానేస్తారు. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా నిల్వ నిండడానికి మరో మూడు నెలలు పడుతుంది. బడుల్లో వారానికి ఒకటి ఇచ్చే నీలం గోలీ గురించీ ఒక ముక్క చెప్పాలి. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. అది రక్తం తగ్గకుండా కాపాడుకోవడానికి ఇచ్చేది. 8 ఉన్న పిల్లకు వారానికి ఒక నీలం గోలీ చికిత్స కాదు. "బడిలో ఇస్తున్నారు కదా, ఇంక డాక్టరెందుకు" అన్న తండ్రులను మేం చూశాం. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇచ్చే నులిపురుగుల గోలీని కూడా వదలకండి. కొంకిపురుగు పేగును పట్టుకొని రక్తం తాగుతుంటే పైనుంచి ఎంత పోసినా నిలవదు.

ఆ గోలీలో ఉన్న ఫోలిక్ ఆమ్లానికి మనతో ఒక పాత చుట్టరికం ఉంది. చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం ఆగి చెబుతాం. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. గర్భిణులు ఒక రకమైన రక్తహీనతతో ఎందుకు చనిపోతున్నారో కనుక్కోవడం ఆమె పని. ఏ కులం, ఏ మతం, ఏ తరగతి ఆడవాళ్లు ఏం తింటున్నారో ఆమె విచారించింది. ఆ జబ్బు ఎక్కువగా కనిపించింది పేద ముస్లిం స్త్రీలలో. వాళ్ల తిండే అందరికంటే నాసిగా ఉందని ఆమె గమనించింది. తర్వాత కూనూరులో, మద్రాసులో కూడా పనిచేసి, చవకగా దొరికే ఈస్టు సారంతో ఆ రక్తహీనత నయమవుతుందని చూపించింది. ఆ సారంలో ఉన్న గుణమే తర్వాత ఫోలిక్ ఆమ్లమని తేలింది. ఇప్పుడు ప్రపంచంలో గర్భిణులంతా వేసుకునే గోలీలో అది ఉంది. ఆ కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనశాలే 1958లో హైదరాబాద్‌కు వచ్చింది, తార్నాక దగ్గర మనం చూసే జాతీయ పోషకాహార సంస్థ అదే. బొంబాయి పేద ముస్లిం తల్లుల కష్టం నుంచి పుట్టిన మందు వందేళ్లు కావస్తున్నా మండీబజార్ గల్లీల్లో అద్దం వెనక పడి ఉందంటే మాకు మనసు ఒప్పుకోలేదు.

అందరికీ ఒకటే గోలీ కూడా కాదు. రక్తం ఎందుకు తగ్గిందో అడగకుండా మందు పోయడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. మేం తిరిగిన ఇళ్లలో ఒకామె నాలుగేళ్లుగా ‘బలం’ కోసం గల్లీ డాక్టరు దగ్గర గ్లూకోజు ఎక్కించుకుంటోంది. సీసాలో పసుపు రంగు మందు కలిపితే అది రక్తం పెంచే మందని నమ్మింది. గ్లూకోజులో ఇనుము ఉండదు. నరానికి ఎక్కించే ఐరన్ మందు ముదురు గోధుమ రంగులో ఉంటుంది, అది ఎక్కించేటప్పుడు దవాఖానలో పక్కన మనిషి ఉండి చూసుకోవాలి, ఇంట్లో చేసే పని కాదు. నాలుగేళ్లలో ఆమెను నెలసరి గురించి ఒక్కరూ అడగలేదు. మేం అడిగితే తల వంచుకొని, పది రోజులు అవుతుందని, రోజుకు ఏడెనిమిది బట్టలు మార్చాలని చెప్పింది. వెంటబెట్టుకొని సర్కారు దవాఖానకు తీసుకుపోతే గర్భసంచిలో గడ్డ ఉందని తేలింది. రక్తస్రావం తగ్గే మందులు రాశారు, నరానికి ఐరన్ ఎక్కించారు. ఇప్పుడు మెట్లెక్కి మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. ఇక్కడ మరో జాగ్రత్త. గడ్డ అనగానే గర్భసంచి తీసేయించుకోవడం ఒక్కటే దారి అనుకోవద్దు. చిన్న వయసులోనే తీసేయించుకునే ఆడవాళ్లు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలా ఎక్కువ. ఇంకో డాక్టరును కూడా అడిగి నిర్ణయించుకోండి.

ముందు వరుసల్లో కూర్చున్న పెద్దలకు కూడా ఒక మాట. మగవాళ్లకు గానీ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు గానీ ఇనుము తగ్గిందంటే ఎక్కడో రక్తం పోతోందేమోనని చూడాలి. మొలలు కావచ్చు, మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి మింగే గోలీల వల్ల కడుపులో పుండు కావచ్చు, అంతకంటే పెద్దది కూడా కావచ్చు. అక్కడ ఐరన్ గోలీ వేసుకొని ఊరుకోవడం ప్రమాదం.

కొందరికి ఎంత ఐరన్ ఇచ్చినా రక్తం పెరగదు. బీ12 లోపం కావచ్చు, తలసీమియా వాహకులు కావచ్చు. సీబీపీ పరీక్షలో ఎర్రకణాలు చిన్నగా కనిపించేది ఇనుము లోపంలోనూ, తలసీమియా వాహకుల్లోనూ. ఫెరిటిన్ చూడకుండా ఏళ్ల తరబడి ఐరన్ మింగిస్తే అలాంటి వారికి మేలు లేదు, కీడు ఉండవచ్చు. చిన్నాన్న పిల్లల మధ్య, మేనమామ పిల్లల మధ్య సంబంధాలు చేసుకునే ఇళ్లు మనలోనూ ఉన్నాయి, మన హిందూ సోదరుల్లోనూ ఉన్నాయి. వాహకులిద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. నిఖా మాట అనుకునే ముందు ఇద్దరికీ ఒక్కసారి రక్తం పరీక్ష చేయిస్తే పోయేదేమీ లేదు. నెలనెలా రక్తం ఎక్కించుకునే పిల్లల తల్లిదండ్రులను ఒకసారి కలిసి మాట్లాడండి, మేం ఇంతకంటే చెప్పం.

రమజాన్ గురించి తల్లులు చాలామంది అడుగుతున్నారు. గోలీ ఇఫ్తార్ తర్వాత, భోజనం అరిగాక, తరావీహ్ అయ్యాక వేసుకోవచ్చు. సహర్‌లో చాయ్‌తో మాత్రం వద్దు. రక్తం బాగా తగ్గిన వాళ్లు, గర్భిణులు రోజా ఉండగలరా లేదా అన్నది డాక్టరును, ఆలిమ్ సాబ్‌ను ఇద్దరినీ అడిగి తెలుసుకోండి. జబ్బుపడ్డవారికి తర్వాత రోజుల్లో ఖజా చేసుకునే వెసులుబాటు ఖుర్ఆన్‌లోనే ఉంది. కండ్లు తిరిగి పడిపోయేదాకా దాచుకోవద్దు.

ఇప్పుడు అసలు విన్నపం. ఈ ఏడు కొత్త హెల్త్ క్యాంపు పెట్టవద్దని మా మనవి. కమిటీలో కొందరికి ఇది నచ్చలేదని తెలుసు. క్యాంపు పెడితే పది మందికి కనబడుతుంది, దాతలకు చూపించుకోవడానికి ఉంటుంది. కానీ పోయినసారి ఖర్చుల పట్టిక చూశాం. షామియానా, మైకు, ఫ్లెక్సీ, భోజనాలు, అన్నింటికంటే అడుగున చిన్నగా గోలీలు. గోలీలకు మన దగ్గర కరువు లేదు. దేశంలో 1970 నుంచి సర్కారు ఐరన్ గోలీలు పంచుతూనే ఉంది, 2018 నుంచి అనీమియా ముక్త్ భారత్ నడుస్తోంది. బస్తీ దవాఖానల్లో, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో గోలీలు ఉచితం. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు గుడ్డు, పాలతో ఒక పూట భోజనం ఉంది. రక్తహీనత ఎక్కువని 2022 డిసెంబరులో తొమ్మిది జిల్లాల్లో గర్భిణులకు న్యూట్రిషన్ కిట్లు మొదలుపెట్టినప్పుడు వాటిలో మన పాత వరంగల్ జిల్లాలోని ములుగు, జయశంకర్ భూపాలపల్లి రెండూ ఉన్నాయి. ఉన్నవాటిని మన వాళ్లు అందుకోవడం లేదు. అంగన్‌వాడీకి పోవడానికి మొహమాటం, దవాఖానకు పోతే ఒక రోజు కూలి పోతుంది, పిల్లల్ని చూసేవాళ్లు ఉండరు, వెంట వచ్చే మనిషి ఉండదు. మన పైసలు అక్కడ కావాలి.

రానూ పోనూ ఆటో కిరాయి. ఏనుమాముల మార్కెట్‌లో మిరపకాయల పనికి పోయే ఆమెకు ఆ రోజు కూలి. నెలకొకసారి, మూడు నెలలకొకసారి అదే మనిషికి మళ్లీ రక్తపరీక్ష. గోలీలతో పెరగని వాళ్లకు ఫెరిటిన్ పరీక్ష. దాని ఖరీదు మహా అయితే రెండు మూడు ప్లేట్ల బిర్యానీ. రక్తం మరీ తక్కువున్న గర్భిణిని నెలలు నిండకముందే ఎంజీఎంకో, సీకేఎంకో, హనుమకొండ ప్రసూతి దవాఖానకో వెంటబెట్టుకొని పోయే ఒక ఆడమనిషి. జకాత్ పైసలు వీటికి ఏ విధంగా వాడవచ్చో ఆలిమ్ సాబ్‌లను అడిగి కమిటీ తేల్చాలి. సదకాకు, మామూలు విరాళాలకు ఆ ఇబ్బంది లేదు.

కొత్త రిజిస్టర్ గీశాం, ఇక్కడ బల్ల మీద ఉంది. ఈసారి ఒక్కో పేరుకు ఆరు గడులు పెట్టాం. మొదటి పరీక్ష, కారణం, మందు, నెల తర్వాత, మూడు నెలల తర్వాత, ఆరు నెలల తర్వాత. పాత రిజిస్టర్‌లో ఎర్రగీత పెట్టిన పేర్లన్నీ ఇందులోకి ఎక్కించాం. మొదటి పేరు ఆ రాత్రి రక్తం ఎక్కించిన తల్లిదే. పోయిన వారం ఆమెకు 10.4 వచ్చింది, ఆ గడి నిండింది. గోలీలు ఇంకా వేసుకుంటోంది, పిల్లవాడికి తొమ్మిదో నెల.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు చార్‌బౌలీ వైపు నుంచి మొదలుపెడుతున్నాం. ఆటో ఉన్నవాళ్లు ఎవరైనా ఒక పూట ఇవ్వగలిగితే సభ అయ్యాక మీ పేరు, ఫోన్ నంబరు ఆ రిజిస్టర్ చివరి పేజీలో రాసిపోండి. ఆడవాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు రావాలి, నెలసరి సంగతులు మగవాళ్లు అడిగితే ఎవరూ చెప్పరు.